మన నూలుపోగులో ఎవరి పాలు ఎంత?
నాందేడు పత్తి వెంట ఒక లెక్క

నూలుకు నంబరు కట్టు పద్ధతి మన సభ్యులలో తెలియనివారుండరు. 840 గజముల చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగునో అదియే ఆ నూలు నంబరు. 40 చిలపలు తూగిన 40వ నంబరు, 60 తూగిన 60వ నంబరు. ఈ కొలత ఒకటి ఉన్నందుననే కోయంబత్తూరులో వడికిన నూలును నాందేడులోని నేతగాడు చూడకయే ధర అడుగగలుగుచున్నాడు. కొలత లేనిచోట బేరము సాగదు. బేరము సాగనిచోట అవతలివాడు చెప్పినదే ధర.

అయితే ఆ నూలు అమ్ముడుపోయిన ధరలో రైతుకు చేరినదెంత, జిన్నింగు వారికెంత, మిల్లుకెంత, పరదేశమునుండి వచ్చిన ఎరువుకు పోయినదెంత అని అడిగినచో నంబరు చెప్పగలవారు మనలో బహు తక్కువ. ఇట్టి ప్రశ్నకు దేశముల మట్టున జవాబు చెప్పు కొలతను గత పాతికేండ్లలో అర్థశాస్త్రజ్ఞులు తయారుచేసినారు. ఒక దేశపు పరిశ్రమలు ప్రపంచ విలువ గొలుసులలో ఏ మేరకు పాలు పంచుకొనుచున్నవో చెప్పు కొలత అది. పేరు పెద్దదే గాని విషయము మన మగ్గపు గుంట దగ్గరిదే. ఆ కొలత ఏమి చెప్పునో, మన విషయమున ఏమి చెప్పక విడుచునో ఈ వ్యాసములో విన్నవించుచున్నాము.

నాందేడులో విన్న ప్రశ్న

గత పత్తి సీజనులో మేము నాందేడు వెళ్లితిమి. గోదావరి ఒడ్డున ఉన్న ఈ పట్టణము 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆనాడు బొంబాయి రాష్ట్రములో కలిసి, 1960 మే 1 నుండి మహారాష్ట్రలో ఉన్నది. రాష్ట్రము మారినను దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపున తెలుగు మాట పోలేదు. ధర్మాబాదు దాటిన బాసర, అటుపైన నిజామాబాదు. పట్టణములోను మన పద్మశాలీల కుటుంబములు పెక్కు ఉన్నవి.

మేము వెళ్లిన దినములలో భోకర్, కిన్వట్, హద్గావ్ వైపులనుండి పత్తి లారీలు వరుస కట్టియుండెను. జిన్నింగులో గింజ వేరై, దూది ప్రెస్సులో నొక్కబడి, 170 కిలోల బేళ్లుగా బయటికి వచ్చుచుండెను. 100 కిలోల పత్తికి ఇంచుమించు 33 నుండి 35 కిలోల దూది దిగును. మిగిలినది గింజ, అది నూనెకు, చెక్కకు పోవును. బేళ్లు లారీలకెక్కి దక్షిణమునకు, పడమటికి పోవుచుండెను.

అదే పట్టణమున ఒక గల్లీలో మగ్గము ముందు కూర్చున్న ఒక వృద్ధుని పలుకరించితిమి. తువ్వాళ్లు నేయుచున్నాడు. ఆయన పేరు ఇక్కడ వ్రాయము; ఆయన అన్న మాట మాత్రము ఆయన యాసలోనే వ్రాయుచున్నాము. “మా చిన్నప్పుడు ఈ ఊరి పత్తి ఈ ఊర్లనే వడికేది అన్నా. ఇప్పుడు పత్తి పోతది, నూలు వస్తది. నడుమ ఏమైతదో మాకు ఎరుక లేదు.”

ఈ ‘నడుమ ఏమైతది’ అన్నదే మా ప్రశ్న కూడ. కొత్త కొలత పుట్టినది ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకే.

ఊరిలోనే ఉండిన గొలుసు

వృద్ధుడు చెప్పినది కల్ల కాదు. నిజాము పాలనా కాలముననే నాందేడులో ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసినది. వరంగల్లులోని ఆజంజాహీ మిల్లు 1934లో స్థాపితమైనది. చుట్టుపట్ల పండిన గావరాని పత్తి ఆనాడు దేశవాళీ పత్తులలో మంచి పింజకు పేరు మోసినది. పత్తి చేను, జిన్నింగు, వడుకు, నేత, అన్నియు ఒక పట్టణపు పొలిమేరలో ఇమిడియుండెను. మిల్లు తరువాత ప్రభుత్వ జౌళి సంస్థ చేతికి వచ్చి, చివరకు మూతపడినది. వరంగల్లు మిల్లు గతియు అదియే అయినది. పత్తి నిలిచినది, వడుకు పోయినది.

గొలుసు సముద్రము దాటుట మాత్రము నిన్నటి ముచ్చట కాదు. బీరారును 1853లో ఆంగ్లేయులు నిజామునుండి వశపరచుకొనుటకు గల కారణములలో అక్కడి పత్తి ఒకటి. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగి, అచ్చటి పత్తి ఆగిపోగా, లాంకషైరు మిల్లులు దక్కను పత్తికై ఎగబడెను. యుద్ధము ముగియగానే ధర కూలెను. 1900 ప్రాంతమున హైదరాబాదు–మన్మాడు రైలు మార్గము పూర్తి అయి నాందేడును బొంబాయి రేవుతో కలిపెను. అనగా మన పత్తి ధరను దూరదేశపు సంగతులు నిర్ణయించుట నూటయేబది ఏండ్ల పాతది. కొత్తది కొలత మాత్రమే.

రేవు లెక్కలో తప్పు ఎక్కడ?

దేశము నుండి ఇన్ని కోట్ల రూపాయల సరకు ఎగుమతి అయినది అని పత్రికలలో చదువుచుందుము. అది రేవు దగ్గర సుంకపు అధికారులు వ్రాసుకొన్న మొత్తము. ఆ మొత్తములో తప్పు లేదు. కాని దానిలో ఒకే పత్తి పలుమారులు లెక్కకు వచ్చుచుండును. ఎట్లో చూడుడు. ఈ క్రింది అంకెలు లెక్క తెలియుటకై మేము వేసుకొన్నవే గాని బజారు ధరలు కావు.

నాందేడు దూది 100 రూపాయలకు కోయంబత్తూరు మిల్లుకు పోయినదనుకొందము. మిల్లు దానిని వడికి 160 రూపాయలకు బంగ్లాదేశమునకు నూలుగా పంపినది. అచ్చట బట్ట నేసి, చొక్కా కుట్టి, 400 రూపాయలకు జర్మనీకి పంపినారు. భారతదేశపు ఎగుమతి 160, బంగ్లాదేశపు ఎగుమతి 400. రెండును కలిపిన 560. కాని జర్మనీ రేవులో దిగిన చొక్కా విలువ 400 మాత్రమే! మన 160 రూపాయలు రెండు రేవులలో రెండుమారులు లెక్కకు వచ్చినవి.

కావున కొత్త లెక్కలో సరకు ధరను కాక, ఒక్కొక్కరు చేర్చిన విలువను లెక్కించెదరు. అమ్మిన ధరలోనుండి, కొని తెచ్చిన సరకు ధర తీసివేయగా మిగిలినదే చేర్చిన విలువ. కూలి, వడ్డీ, లాభము, పన్ను అందులోనుండియే వచ్చును. పై లెక్కలో నాందేడు రైతు వాడిన పొటాషు ఎరువు, డీజెలు మొదలైనవాటిలో పరదేశపు విలువ 20 రూపాయలున్నదనుకొనిన, చొక్కా ధర 400లో భారతదేశపు పాలు 140, బంగ్లాదేశపు పాలు 240, ఇతర దేశముల పాలు 20. ఇప్పుడు మొత్తము సరిగా 400 అయినది. ఒక్క పోగు కూడ రెండుమారులు లెక్కకు రాలేదు.

ఈ లెక్క ఎంత తేడా చూపునో తెలుపుటకు ఒక ప్రసిద్ధ ఉదాహరణము కలదు. 2010లో యూచింగ్ షింగ్, నీల్ డెటెర్ట్ అను ఇద్దరు పరిశోధకులు చైనానుండి అమెరికాకు పోవు ఐఫోనును విప్పి లెక్క చూచిరి. ఒక్కొక్క ఫోను తయారీ ఖర్చు సుమారు 179 డాలర్లు. రేవు లెక్కలో అదంతయు చైనా ఎగుమతియే. కాని చైనాలో ఆ భాగములను కూర్చిన పనికి ముట్టినది 6 డాలర్ల 50 సెంట్లు మాత్రమే. మిగిలినదంతయు జపాను, కొరియా, జర్మనీ, అమెరికా మొదలగు దేశములలో తయారైన భాగముల ఖరీదు. మన మాటలో చెప్పవలెనన్న, పడుగు ఒకరిది, పేక ఒకరిది, రంగు ఒకరిది. అంచు కుట్టినవాని పేరట మొత్తము చీర వ్రాసినారు.

పట్టిక పని చేయు తీరు

ఒక ఫోనును విప్పి చూడవచ్చును. దేశములోని పరిశ్రమలన్నిటిని విప్పుట ఎట్లు? ఇందుకు సాధనము 1936లో వసీలీ లియోంటీఫ్ చూపెను. ఆయనకు ఇందుకే 1973లో నోబెలు బహుమతి వచ్చెను. ఆయన పట్టిక సంగతి నేతవారికి చెప్పుట కష్టము కాదు.

చీర నేయుటకు నూలు కావలెను. నూలుకు పత్తి, కరెంటు కావలెను. పత్తికి విత్తనము, ఎరువు, డీజెలు కావలెను. కరెంటుకు బొగ్గు, బొగ్గుకు రైలు, రైలుకు ఉక్కు. ఇట్లు వెనుకకు పోయినకొలది ఒక్కొక్క మెట్టున విలువ తగ్గుచు పోవును. లియోంటీఫ్ పట్టికలో అడ్డువరుసలో ఒక పరిశ్రమ ఎవరెవరికి ఎంత అమ్మినదో, నిలువు గడిలో ఎవరెవరి వద్ద ఎంత కొన్నదో వ్రాసియుండును. ఈ మెట్లన్నిటిని ఒక్క లెక్కతో కూడుటకు ఆయన మార్గము చూపినాడు. మన దేశములో ప్రభుత్వ గణాంక శాఖ 1968-69 సంవత్సరమునకు మొదటి అధికార పట్టికను కట్టినది. 2011-12 నుండి సరఫరా–వినియోగ పట్టికలు వచ్చుచున్నవి.

ఇట్టి పట్టికలను దేశదేశములవి చేర్చి ఒకటే పెద్ద పట్టికగా అతికినచో, ఏ దేశపు విలువ ఏ దేశము గుండా ఎక్కడికి పోవుచున్నదో తెలియును. హమ్మెల్స్, ఇషీ, యీ అను ముగ్గురు 2001లో ప్రకటించిన పరిశోధనలో 14 దేశముల ఎగుమతులలో దిగుమతి సరకు పాలు నూటికి 21 వంతులని లెక్క తేల్చిరి. 2013 జనవరిలో ఓ.ఇ.సి.డి., ప్రపంచ వాణిజ్య సంస్థ కలిసి చేర్చిన విలువల పట్టికను తొలిసారి ప్రకటించెను. 2014లో కూప్‌మన్, వాంగ్, వెయ్ అనువారు రెండుమారులు లెక్కకు వచ్చు భాగమును విడదీయు పద్ధతిని వివరించిరి. ప్రపంచ వ్యాపారములో సుమారు సగము ఇట్టి గొలుసుల ద్వారానే జరుగుచున్నదని ప్రపంచ బ్యాంకు తన 2020 నివేదికలో చెప్పినది.

వెనుక పాలు, ముందు పాలు

ఈ కొలతకు రెండు కొసలు. మన ఎగుమతిలో ఇతర దేశముల విలువ ఎంత దాగియున్నదో అది వెనుక పాలు. మన విలువ ఇతర దేశముల ఎగుమతిలో ఎంత దాగి పోవుచున్నదో అది ముందు పాలు. పై చొక్కా లెక్కలో బంగ్లాదేశపు 400 రూపాయల ఎగుమతిలో 160 బయటివి. అనగా వెనుక పాలు నూటికి 40. మన 160 రూపాయల నూలులో బయటివి 20. వెనుక పాలు నూటికి పన్నెండున్నర. మన 140 రూపాయలు బంగ్లాదేశపు ఎగుమతిలో చేరి జర్మనీకి పోయినవి గావున అది మన ముందు పాలు.

ముందు పాలు పెద్దదైన మంచిదని తొందరపడి అనుకొనరాదు. దూదిని దూదిగానే, నూలును నూలుగానే పంపిన దేశమునకు ముందు పాలు ఎక్కువగా కనిపించును. బట్ట కట్టువానికి అది దూరముగా నిలిచినదని దాని అర్థము. వెనుక పాలు ఎక్కువైన చెడ్డదనియు అనరాదు. బంగ్లాదేశము పరదేశపు నూలు, బట్ట కొని, కుట్టుపనితోనే లక్షలమంది స్త్రీలకు జీతము కల్పించినది. కొలత ఏ కొసన నిలిచితిమో చెప్పును. ఆ కొసన నిలిచినవాని కడుపు నిండినదా లేదా అనునది వేరు ప్రశ్న. ఈ రెంటిని కలిపి చూచుట ఈ విషయమున జరుగుచున్న పెద్ద పొరపాటు.

మన స్వదేశి చీరలోను బయటి పాలున్నది. ధర్మవరము, పోచంపల్లి మగ్గములకు చేరు పట్టులో చైనానుండి వచ్చినది గలదు. సూరతు జరీలోని వెండి చాలమట్టుకు దిగుమతి. పొటాషు ఎరువు కొరకు మన దేశము ఇంచుమించు పూర్తిగా పరదేశములపైననే ఆధారపడియున్నది. చేతితో నేసినంతమాత్రమున చీర గొలుసుకు వెలుపల ఉండదు.

ఒక విత్తనపు పాకెట్టు కథ

కొలత తెలిసిన ఏమి లాభమని అడుగువారికి ఒక నిజమైన సంగతి చెప్పుదుము. 1980ల దశకమున నాందేడు పత్తి పరిశోధన కేంద్రము నుండి ఎన్.హెచ్.హెచ్. 44 అను సంకరపత్తి వచ్చి, మరాఠ్వాడాలోనే గాక ఇతర ప్రాంతములలోను విస్తారముగా సాగైనది. ఇది ఊరి విజ్ఞానముతో పుట్టిన విత్తనము. 2002లో దేశమున బీటీ పత్తికి అనుమతి వచ్చెను. దానిని తెచ్చినది జాల్నాలోని మహికో. అందులోని జన్యువు అమెరికాలోని మోన్‌శాంటోది. ఆనాటినుండి మన పత్తి చేలో పరదేశపు పాలు మరొకటి చేరెను.

450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలు పైబడి అమ్ముచుండగా, అందులో 1,250 రూపాయలు జన్యువు రుసుమే అన్న సంగతి బయటపడెను. 2006లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎం.ఆర్.టి.పి. కమిషను ముందు ఫిర్యాదు చేసెను. ఆ సంవత్సరమే పాకెట్టు ధర 750 రూపాయలకు దిగెను. ఇతర రాష్ట్రములును ఆ దారి పట్టెను. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము పత్తి విత్తనముల ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చినది. బీజీ 2 విత్తనములో ఈ రుసుము 2016లో 49 రూపాయలు, 2018లో 39, 2019లో 20 రూపాయలు; 2020లో పూర్తిగా తీసివేసిరి.

ఈ కథలో మేము ఎవరి పక్షమును పట్టుట లేదు. విజ్ఞానమునకు ప్రతిఫలము ఉండవలసినదే. అయితే గమనించుడు: పాకెట్టు మొత్తము ధర మాత్రమే తెలిసినన్నాళ్లు రైతు తిట్టుకొని ఊరకుండెను. అందులో ఎవరి పాలు ఎంతో విడివిడిగా తెలిసినప్పుడు అడుగుటకు ఒక అంకె దొరికెను. పాకెట్టు దగ్గర జరిగినది నూలు దగ్గర ఏల జరుగరాదు?

పట్టికలో లేని మగ్గము

ఇప్పుడు నాందేడు వృద్ధుని మగ్గము దగ్గరకు తిరిగి వచ్చెదము. ఆయన తువ్వాలు నాందేడు సంతలో, చుట్టుపట్ల ఊళ్లలో అమ్ముడుపోవును. ఎగుమతి కాదు. పై చొక్కా లెక్కలో ఆయన పాలు సున్న. ప్రపంచ విలువ గొలుసులో ఆయన లేనే లేడని పట్టిక చెప్పును.

కాని 2022 మే నెలలో దూది ధర క్యాండీకి, అనగా 356 కిలోలకు, లక్ష రూపాయలు దాటెను. అంతకు రెండేండ్ల క్రితము అందులో సగము కూడ లేదు. ప్రపంచపు బజారులో పత్తి పెరిగినది, మన దేశమున దిగుబడి తగ్గినది. ప్రభుత్వము 2022 ఏప్రిలు 14 నుండి అక్టోబరు 31 వరకు పత్తి దిగుమతి సుంకమును ఎత్తివేసెను. ఆ నెలలలో చిలప నూలు కొన్న ప్రతి నేతగాడును ఆ పెరుగుదలను భరించినవాడే. గొలుసులో లేనివాని మెడకును గొలుసు తగిలినది. ఎగుమతి ద్వారా ఆయన గొలుసులో చేరలేదు. ధర ద్వారా చేరినాడు. ఈ రెండవ చేరికను కొలుచుటకు ఆ పట్టికలో గడి లేదు.

పత్తి ధర పెరిగినందుకు మేము రైతును తప్పుపట్టుట లేదు. మరాఠ్వాడా రైతు పడిన కష్టములు మనకు తెలియనివి కావు. ఆయనకు నాలుగు రూపాయలు ఎక్కువ చేరిన సంతోషింపవలసినదే. 2010లో నూలు ఎగుమతిపై, 2012 మార్చిలో పత్తి ఎగుమతిపై ప్రభుత్వము కట్టడి పెట్టినప్పుడు మిల్లులవారు, రైతులు, నేతవారు తలొక వైపు లాగిరి. ఎవరి పాలు ఎంత తగ్గినదో ఎంత పెరిగినదో అంకెతో చెప్పగలవారి మాటకు బరువుండెను. మన మాట విన్నపముగానే మిగిలెను.

పట్టికలోని ఇతర లోపములను కూడ క్లుప్తముగా చెప్పుదుము. ఓ.ఇ.సి.డి. వారి పట్టికలో 2013లోను, ఆ తరువాతి కూర్పులలోను జౌళి, దుస్తులు, తోలు సరకులు అన్నియు ఒకే వరుసలో ఉన్నవి. చేమగ్గము, మరమగ్గము, మిల్లు, చెప్పుల కర్మాగారము అన్నిటికి కలిపి ఒకటే అంకె. 2019-20 నాలుగవ చేనేత గణన ప్రకారము దేశములో నేతపని, దాని అనుబంధ పనులు చేయువారు 35 లక్షల 22 వేలమంది. ఇంతమందికి ఆ పట్టికలో విడిగా ఒక గడి లేదు. రెండవది, పట్టికకు దేశము ఒకటే ముక్క. నాందేడు, సిరిసిల్ల, షోలాపురము దానిలో కనబడవు. మూడవది, ఒక రకపు దిగుమతి సరకును వాడుకలో పరిశ్రమలన్నియు ఒకే నిష్పత్తిలో పంచుకొనుచున్నవని పలుచోట్ల అనుకొని లెక్క కట్టుదురు. ఎగుమతి కొరకే పనిచేయు కర్మాగారమును, సంత కొరకు నేయు మగ్గమును ఒకే త్రాసులో వేయుట అది. నాలుగవది, పట్టిక వెలువడునప్పటికి అందులోని సంవత్సరము ఎప్పుడో దాటిపోయియుండును.

నాందేడులోనే ఒక వింత చూడుడు. గురు గోవిందసింగు 1708లో ఇక్కడనే పరమపదించిరి. హుజూర్ సాహెబు దర్శనమునకు ఇంగ్లండు, కెనడాలనుండి వచ్చు యాత్రికులు గురుద్వారా వీధిలో తలపాగా బట్ట కొనుక్కొని పోదురు. జాతీయ ఆదాయపు లెక్కల నియమము ప్రకారము పరదేశి ఇచ్చట కొన్నది ఎగుమతి క్రిందనే చేరవలెను. కాని ఆ బట్ట ఏ రేవు పుస్తకములోను పడదు. గొలుసు ఎక్కడ దేశము దాటినదో అమ్మినవానికే తెలియదు.

ఈ లెక్కయంతయు మేము ఆ వృద్ధునికి మరాఠీ, తెలుగు కలిపి చెప్పితిమి. ఆయన కండె మార్చుకొనుచు విని, ఒకటే అడిగినాడు: “మా పాలు సున్న అంటివి గదా అన్నా. సున్న అని రాసిండ్రా, అసలు రాయనే లేదా?” రాయలేదని చెప్పితిమి. “సున్న అని రాస్తే, ఎందుకు సున్న అని అడిగేటోడు ఒకడుంటడు. రాయనే రాయకుంటే ఎవడడుగుతడు?” అన్నాడు. ఇంతకంటె బాగుగా ఈ విషయమును మేము చెప్పజాలము.

మనము చేయవలసిన పని

ప్యారిసులోను, జెనీవాలోను కట్టు పట్టికలో మన గడిని మనము తెరిపింపలేము. కాని లియోంటీఫ్ పట్టికకు మొదటి మెట్టు అయిన ఇంటి లెక్క మన చేతిలోనే ఉన్నది. ప్రతి ప్రాథమిక సహకార సంఘపు కార్యదర్శియు, సొంత మగ్గము గల ప్రతి సభ్యుడును ఒక పుస్తకము పెట్టి, ఒక్కొక్క పడుగుకు ఈ క్రింది గడులు నింపవలెనని కోరుచున్నాము.

మొదటి గడి: నూలు ఎన్ని కిలోలు, ఏ నంబరు, ఏ ఊరి మిల్లుది, ఏ తేదీన ఏ ధరకు కొన్నది.
రెండవ గడి: రంగు, గంజి, జరీ మొదలగు కొన్న సరకు.
మూడవ గడి: బండి కిరాయి, వడ్డీ, దళారి కమిషను.
నాలుగవ గడి: పని వేళలు. కండె చుట్టుట, ఆసు పోయుట, అచ్చు అతుకుట, నేయుట వేరువేరుగా వ్రాయవలెను. ఇంటి స్త్రీలు చేసిన పనిని కూలి ఇచ్చినను ఇవ్వకున్నను వ్రాయవలెను. ఇది విడిచిన, ఎవరో మనలను విడిచినట్లే మనము వారిని విడిచినవారమగుదుము.
అయిదవ గడి: అమ్మిన ధర, ఎవరికి అమ్మినది, ఎంతకాలమునకు సొమ్ము చేతికి వచ్చినది.

అమ్మిన ధరలోనుండి కొన్న సరకు, చెల్లించిన కిరాయి, కమిషను తీసివేసిన మిగిలినదే మన మగ్గము చేర్చిన విలువ. వడ్డీ ఆ మిగిలినదానిలోనుండి పోవు పాలు గావున దానిని విడిగా చూపవలెను. మిగిలినదానిని పని వేళలతో భాగించిన, గంటకు మనకు గిట్టినదెంతో తెలియును.

ఒక చిన్న లెక్క. చీర 1,000 రూపాయలకు అమ్మితిమి. సరకుకు, కిరాయికి 550 పోగా 450 మిగిలినవి. మరునెల నూలు పెరిగి ఆ ఖర్చు 650 అయినది. చీర ధర మాత్రము 1,000 దగ్గరనే ఆగినది. మిగిలినది 350. సరకు పెరిగినది నూటికి 18 వంతులు, మన పాలు తగ్గినది నూటికి 22 వంతులు. నూలు కొంచెము పెరిగినదని బజారులో అందరును అనుకొందురు. మన ఇంటిలో అయిదింట ఒక వంతుకు మించి పోయినదని ఈ పుస్తకము చెప్పును. నూలు సబ్సిడీ గురించి గాని, చిలప నూలు సరఫరా గురించి గాని అధికారుల వద్దకు పోయినప్పుడు, ‘మేము కష్టములో ఉన్నాము’ అనుటకు బదులు ‘మా పాలు ఈ నెలలో ఇంత తగ్గినది’ అని పుస్తకము తెరచి చూపవచ్చును.

ఒక్క మగ్గపు పుస్తకము ఒక్క పోగు వంటిది, లాగిన తెగును. నూరు మగ్గముల పుస్తకములు ఒకచోట చేరిన పడుగగును. నాందేడు, షోలాపురము, భీవండి, సిరిసిల్ల, నిజామాబాదు సభ్యులు మూడు నెలలకొకమారు తమ మొత్తములను సంఘ కార్యాలయమునకు పంపినచో, పేర్లు లేకుండ ఊరివారీగా కూడి ఈ పత్రికలో ప్రకటించెదము. పుస్తకము పెట్టుటకు చదువు పెద్దగా అక్కరలేదు. నూలు నంబరు కట్టగలవారికి ఈ లెక్క కష్టము కాదు. పిల్లలు ఇంట చదువుకొనుచున్న వారిచేత వ్రాయించుడు.

నాందేడు వృద్ధునికి మేము ఒక పుస్తకము ఇచ్చి వచ్చితిమి. తువ్వాళ్ల పడుగు ఒకటి ఆనాడే మొదలైనది గావున మొదటి గడిలో నూలు నంబరును, ధరను మేమే వ్రాసితిమి. మిగిలిన గడులు ఆయన మనుమరాలు నింపుచున్నది.